రూపాయి జీతగాడు

పోయిన నెల ఒక ఆదివారం, ఇంకా కాఫీ కూడా తాగకముందే డాలస్ నుంచి ఫ్రెండ్ ఫోన్. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నవాళ్ళం. ఏడాది తేడాతో ఇద్దరం అమెరికా వచ్చాం, ఇద్దరం కంపెనీలు పెట్టాం. నాది చిన్నగానే ఉండిపోయింది, వాడిది పెద్దదయింది. పోయినేడు దాన్ని అమ్మేశాడు. అప్పట్నుంచీ వాడికి ఏమీ తోచడం లేదని నాకు తెలుసు. పొద్దున్నే వాట్సాప్‌లో సూర్యోదయం ఫొటోలు పంపే దశకు వచ్చేశాడు.

"ఒరేయ్, ఇండియా వెళ్ళిపోతున్నా. గవర్నమెంటుకి పనిచేస్తా. సలహాదారుగా రమ్మంటున్నారు. జీతం సంగతి అడిగితే, నాకెందుకండీ, రూపాయి ఇవ్వండి చాలు అన్నాను" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. వాడికి కోపం వచ్చింది.

నవ్వింది వాణ్ణి చూసి కాదు. మా ఊళ్ళో జీతగాడంటే వేరే అర్థం ఉంది. ఉగాదికి కుదుర్చుకుంటే మళ్ళీ ఉగాది దాకా ఇంట్లో, పొలంలో పనిచేసే మనిషి. ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లు, ఇన్ని జతల బట్టలు అని మాట. ఒక ఏడు ఎవరో వచ్చి "మీకు తోచింది ఇవ్వండి బాబూ" అన్నాడట. మా నాన్న అతన్ని పెట్టుకోలేదు. ఎందుకని మా అమ్మ అడిగితే, "జీతం అడగనివాడికి పని చెప్పడం కష్టమే" అన్నాడు. అప్పుడు అది నాకు పిసినారి మాటకు తిరగేసిన రూపంలా, వింతగా అనిపించింది. యాభై దాటాక, ఒక ఊరి మున్సిపాలిటీలో ఏడేళ్ళు పనిచేశాక అర్థమైంది.

అవును, నేనూ ఆ దారిలో వెళ్ళినవాణ్ణే. 1997లో హెచ్‌వన్ మీద వచ్చాను. కొన్నాళ్ళు ఎవరి దగ్గరో పనిచేసి, తర్వాత డాక్టర్ల క్లినిక్కులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ పెట్టాను. పద్నాలుగేళ్ళు నడిచింది. అమ్మితే అప్పులు పోగా పిల్లల చదువులకు, ఇంటికి సరిపోయింది. రెండేళ్ళు ఖాళీగా ఉన్నాను. గోల్ఫ్ నేర్చుకుందామని వెళితే బంతి కంటే గడ్డే ఎక్కువ లేచింది. ఆ సమయంలో మేముండే ఊళ్ళో నీళ్ళ బిల్లుల విభాగానికి కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం పడింది. టెక్సస్‌లో మధ్యరకం ఊరు. జీతం మా కంపెనీలో రెండో ఏడాది కుర్రాడికి నేనిచ్చిన దాని కంటే తక్కువ. చేరిపోయాను. మా ఆవిడ "పెన్షన్ ఉంటుందా?" అని ఒక్కటే అడిగింది.

చేరేటప్పుడు నా మనసులో ఉన్నదేమిటో దాచను. వ్యాపారం చేసి వచ్చిన మనవాళ్ళందరి మనసులో ఉండేదే. "వీళ్ళకి పనిచేయడం రాదు, మనం చూపిద్దాం." తానా సభల్లో, పెళ్ళిళ్ళలో, ఎయిర్‌పోర్ట్ లాంజుల్లో ఈ మాట నేను వెయ్యిసార్లు విన్నాను, వందసార్లు అన్నాను. ప్రభుత్వాన్ని కంపెనీలా నడపాలి, సీయీవోలా ఆలోచించాలి. ఈ వాక్యంలో ఏం తప్పుందో తెలుసుకోవడానికి నాకు పద్దెనిమిది నెలలు పట్టింది.

మా కంపెనీలో ఒక క్లినిక్కు ఉండేది. ముసలి డాక్టరు, ఆయన భార్యే రిసెప్షన్. రోజుకు ఐదు ఫ్యాక్సులు, పది ఫోన్లు. బిల్లు మాత్రం మూడు నెలలకోసారి. లెక్క వేసుకుంటే వాళ్ళ మీద మాకు మిగిలేది ఏమీ లేదు. మర్యాదగా ఒక ఉత్తరం రాసి వదిలించుకున్నాం. ఆ రోజు నా భుజం నేనే తట్టుకున్నాను. ఎవరికి అమ్మాలో, ఎవరికి అమ్మకూడదో తెలిసినవాడే వ్యాపారం చేయగలడు. ఇది నిజం, ఇప్పటికీ నమ్ముతాను.

మున్సిపాలిటీలో నేను చేసిన మొదటి పెద్ద పని నీళ్ళ బిల్లు ఆన్‌లైన్‌లో కట్టే ఏర్పాటు. బాగా వచ్చింది. జనం వాడారు. దాంతో కౌంటరు టైము తగ్గించవచ్చని నేనే రాసిచ్చాను. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా చాలు అన్నాను. అంకెలు నా వైపే ఉన్నాయి. ఎవరూ కాదనలేదు.

నేను కూర్చునేది మూడో అంతస్తు. కౌంటరు కింద. ఒక ఆగస్టు రోజు లిఫ్టు చెడిపోయి మెట్ల మీదుగా దిగితే బయట ఎండలో వరుస కనిపించింది. ఆ రోజు కట్టకపోతే నీళ్ళు ఆపేసే తారీఖు. అందరూ చేతిలో నగదు పట్టుకున్నవాళ్ళు. ఇళ్ళ పైకప్పులు వేసే మనిషి ఒకాయన, టోపీ తీసి చెమట తుడుచుకుంటున్నాడు. స్పానిష్ తప్ప రాదు. పక్కనున్న అమ్మాయి చేత మాట్లాడించాను. బ్యాంకు అకౌంటు లేదు, పది తర్వాత వస్తే ఒక పూట కూలి పోతుంది, అంతకుముందు ఏడింటికే వచ్చి కట్టి పనికి పోయేవాణ్ణి అన్నాడు. నన్ను తిట్టలేదు. నేనెవరో ఆయనకు తెలియదు. టైము మార్చింది నేనే అని చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది.

ముసలి డాక్టరుకు రాసినట్టు ఈయనకు ఉత్తరం రాయలేం. మిగులు లేదని నీళ్ళు ఇవ్వనని అనలేం. ఇంకో కంపెనీకి వెళ్ళమనలేం, ఇంకో కంపెనీ లేదు. వ్యాపారంలోంచి సర్కారులోకి వచ్చే మనిషి వదులుకునేది జీతం అని అందరూ అనుకుంటారు. కాదు. వదులుకోవాల్సింది కొనేవాణ్ణి ఎంచుకునే హక్కు. దాన్ని మాత్రం గుమ్మం దగ్గర ఎవరూ అడిగి తీసుకోరు. అందుకే చాలామంది జీతం వదిలేసి, ఆ హక్కును జేబులో పెట్టుకునే లోపలికి వస్తారు.

ఈ మాట అంటే మా వాడు వెంటనే "మరి శామ్ పిట్రోడా?" అన్నాడు. రూపాయి జీతం అన్నప్పుడే వాడి తలలో ఎవరున్నారో నాకు తెలిసిపోయింది. మా తరం ఇంజనీర్లందరికీ ఆయనే కదా.

నిజమే, ఆయన కథ మా వాడి కథకు చాలా దగ్గర. ఒడిశాలోని టిట్లాగఢ్‌లో 1942లో పుట్టిన గుజరాతీ. బరోడాలో ఫిజిక్స్ చదివి 1964లో షికాగో వెళ్ళాడు. జీటీయీ అనే అమెరికా టెలిఫోన్ కంపెనీలో ఎక్స్ఛేంజీల మీద పనిచేశాడు. 1974లో వెస్కామ్ స్విచింగ్ అనే కంపెనీ మొదలుపెట్టి, 1980లో దాన్ని రాక్‌వెల్‌కు అమ్మేశాడు. చేతిలో డబ్బు, ముందు జీవితం. ఢిల్లీ వచ్చినప్పుడు హోటలు గదిలోంచి షికాగోలో ఉన్న భార్యాపిల్లలకు ఫోన్ కలవలేదని, అక్కడే పట్టుదల పుట్టిందని ఆయన చాలాసార్లు చెప్పాడు. 1984 ఆగస్టులో, మనకు కావలసిన టెలిఫోన్ ఎక్స్ఛేంజీలను మన దేశంలోనే తయారుచేయడానికి సీ-డాట్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. 36 నెలల గడువు, 36 కోట్ల రూపాయలు. ఏడాదికి రూపాయి జీతం.

ఈ కథను మనవాళ్ళు చెప్పే తీరు ఒకటుంది. అమెరికా నుంచి మేధావి వచ్చాడు, సర్కారు నిద్ర లేపాడు, దేశానికి ఫోన్ వచ్చింది. నాకు మాత్రం ఇందులో అసలు విషయం ఒక చిన్న పెట్టె. గ్రామీణ ఎక్స్ఛేంజీ, 128 లైన్లది. రాక్స్ అనేవారు.

అప్పట్లో బయటి దేశాల నుంచి తెచ్చే ఎక్స్ఛేంజీలకు ఏసీ గది కావాలి. మన పల్లెల్లో ఏసీ మాట దేవుడెరుగు, కరెంటే రోజుకు సగం పూట. పైగా ఆ మిషన్లు ఇంటింటికీ ఫోన్ ఉండి, ఒక్కో ఫోన్ రోజుకు నాలుగైదు కాల్స్ చేసే దేశాలకు కట్టినవి. మన దగ్గర ఊరికి ఒకటో రెండో ఫోన్లు, ఒక్కోదాని చుట్టూ యాభై మంది. లైన్లు తక్కువ, ఒక్కో లైను మీద ఒత్తిడి విపరీతం. అమ్ముకునే కంపెనీ ఏదీ ఇలాంటి కొనుగోలుదారు కోసం కొత్తగా మిషన్ గీయదు. వేడికి, దుమ్ముకు తట్టుకుని, ఏసీ లేకుండా నడిచేలా రాక్స్‌ను గీశారు. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. పిట్రోడా పెద్దతనం నాకు కనిపించేది ఇక్కడ. వ్యాపారి వదిలేసే కొనుగోలుదారును మధ్యలో కూర్చోబెట్టి లెక్క మొదలుపెట్టడం. ఇంటింటికీ ఫోన్ సంగతి తర్వాత, ముందు నడిచి వెళ్ళేంత దూరంలో ఒక ఫోన్ ఉండాలి అన్నది కూడా ఆ లెక్కలోదే. పసుపు బోర్డు ఎస్టీడీ బూత్ అలా వచ్చింది.

మా ఊరి బూత్‌ను పోలియో వచ్చిన ఒకాయన నడిపేవాడు. బూత్‌ల కేటాయింపులో వికలాంగులకు ముందు ఇచ్చేవారు. దానికి ముందు ట్రంకాల్ అంటే పోస్టాఫీసులో బుక్ చేసి, ఆర్డినరీయా అర్జెంటా లైట్నింగా అని డబ్బులు లెక్కపెట్టుకుని, మధ్యాహ్నమంతా బల్ల మీద కూర్చోవడం. బూత్ వచ్చాక అద్దాల గది, ఎర్ర అంకెలు పరిగెత్తే మీటరు, గరగరమని బయటకు వచ్చే చీటీ. రాత్రి పదకొండు దాటితే పావు ఛార్జీ అని దుప్పటి కప్పుకుని వరుసలో నిలబడేవాళ్ళు. నేను అమెరికా వచ్చిన కొత్తలో ప్రతి ఆదివారం ఆ బూత్‌కే చేసేవాణ్ణి. ఆయన కొడుకు మా ఇంటికి పరిగెత్తి "అత్తా, బావ పది నిమిషాల్లో మళ్ళీ చేస్తాడంట" అని చెప్పి వచ్చేవాడు. పది నిమిషాల తర్వాత చేస్తే ముందు మా అమ్మ ఆయాసం వినిపించేది, తర్వాత మాట.

కాబట్టి పిట్రోడాను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ పని ఆయన ఒక్కడిదీ కాదు. సీ-డాట్‌ను రోజూ నడిపింది ప్రభుత్వ టెలికాం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన జి.బి. మీమాంసి, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి వచ్చిన ఎం.వి. పిట్కే. ఫైలు ఎక్కడ ఆగుతుందో, ఎవరికి ముందు చెప్పాలో, ఏ పాత మిషన్ ఏ వేడికి చచ్చిందో తెలిసినవాళ్ళు. వాళ్ళకింద పాతికేళ్ళ కుర్రాళ్ళు, అమ్మాయిలు. మన ఊహల్లో మాత్రం వీళ్ళెవరూ ఉండరు, విమానం దిగిన ఒక్కడే ఉంటాడు.

ఇంకో సంగతి. 36 నెలలు అయిపోయేసరికి పల్లె ఎక్స్ఛేంజీ ఉంది కానీ, నగరాలకు కావలసిన పెద్ద ఎక్స్ఛేంజీ తయారు కాలేదు. వ్యాపారంలో గడువు తప్పితే ఇన్వెస్టరుకు సర్దిచెప్పుకుంటాం. ఇక్కడ ప్రతిపక్షానికి, పత్రికలకు, విదేశీ కంపెనీల తరఫు మనుషులకు, అందరికీ ఒకేసారి చెప్పుకోవాలి. 1989 చివర్లో ప్రభుత్వం మారింది. పిట్రోడా మీద ఆరోపణలు వచ్చాయి, ఆయనకు గుండెపోటు వచ్చింది. కొన్నాళ్ళకు తిరిగి షికాగో వెళ్ళిపోయాడు. ప్రధానికి సలహాదారుగా ఉండటం కోసం 1987లో అమెరికా పౌరసత్వం వదులుకున్న మనిషి ఆయన. నా లెక్కలో రూపాయి జీతం కంటే అది వందరెట్లు పెద్దది. వెనక్కి తిరిగే తలుపు మూసుకుని లోపలికి వచ్చాడు కదా. దాని గురించి మనం ఎక్కువ మాట్లాడం. రూపాయి అయితే వినసొంపుగా ఉంటుంది.

ఆ రూపాయి సంగతి కూడా కాస్త చూడాలి. అమెరికాలో డాలరు జీతగాళ్ళు అని ఒక పాత తెగ ఉంది. ప్రభుత్వానికి ఎవరూ ఉచితంగా పని చేయకూడదని 1884 నుంచీ ఇక్కడ చట్టం ఉంది. అందుకే యుద్ధాల్లో పెద్ద వ్యాపారులను పిలిచినప్పుడు ఏడాదికి ఒక డాలరు ఇచ్చి లెక్క సరిచేశారు. వాళ్ళలో పేరున్నవాడు విలియం నూడ్సన్. కోపెన్‌హాగెన్‌లో పుట్టి 1900లో వలస వచ్చాడు, సైకిళ్ళ ఫ్యాక్టరీ నుంచి మొదలుపెట్టి ఫోర్డ్‌లో, తర్వాత జనరల్ మోటార్స్‌లో ఎదిగి దాని అధ్యక్షుడయ్యాడు. 1940లో రూజ్‌వెల్ట్ పిలిస్తే ఆ కుర్చీ వదిలి యుద్ధ ఉత్పత్తి చూడటానికి వచ్చాడు. రెండేళ్ళకు ఆయన్ను సైన్యంలోకి తీసుకుని లెఫ్టినెంట్ జనరల్ చేశారు. అంటే ఒక ర్యాంకు, ఒక పైఅధికారి, ఒక జీతం ఇచ్చి వరుసలో నిలబెట్టారు. నాకు ఆ ముగింపు నచ్చుతుంది. ఎవరో ఒకరికి జవాబు చెప్పాలి కదా మనిషి.

ఆ 1884 చట్టం వెనక ఉన్న తెలివి మా నాన్న తెలివే అనుకుంటాను. ఉచితంగా చేసినవాడు రేపు ఏ రూపంలో బిల్లు పంపుతాడో తెలియదు. జీతం తీసుకునేవాణ్ణి నిలదీయవచ్చు, తీసేయవచ్చు. రూపాయి తీసుకునేవాణ్ణి ఏమంటాం? "పాపం, ఊరికే చేస్తున్నాడు" అంటాం. ఆయన చెప్పింది తప్పని కింద ఉన్న గుమాస్తాకు తెలిసినా నోరెత్తడు. మా మున్సిపాలిటీలో కౌంటరు అమ్మాయికి నా ప్రతిపాదన తప్పని మొదటి రోజే తెలుసు. తర్వాత ఒకసారి చెప్పింది. "మీరు కంపెనీలు నడిపి వచ్చారు కదా, మీకు తెలిసే ఉంటుందనుకున్నాం."

ఎన్నికల్లో నిలబడి వచ్చేవాళ్ళ సంగతి వేరు. బుర్రిపాలెం నుంచి అమెరికా వెళ్ళి, మెడికల్ లైసెన్సు పరీక్షలకు విద్యార్థులను తయారుచేసే యూవరల్డ్ అనే కంపెనీ పెట్టిన డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ 2024లో గుంటూరు ఎంపీగా గెలిచి కేంద్రంలో సహాయ మంత్రి అయ్యారు. చిత్రం ఏమిటంటే ఆయనకు ఇచ్చిన శాఖల్లో కమ్యూనికేషన్లు ఒకటి, పిట్రోడా పెట్టిన సీ-డాట్ ఉండేది అందులోనే. అఫిడవిట్‌లో చూపిన ఆస్తి 5,700 కోట్లకు పైగా ఉందని అప్పట్లో అందరూ దాని గురించే మాట్లాడారు. డబ్బున్నవాళ్ళకే టికెట్లు వస్తున్నాయన్న బాధ నాకూ ఉంది, దానికి ఇది చోటు కాదు. కానీ ఓటు అడిగి వచ్చినవాడిని ఓటుతో దింపవచ్చు. సలహాదారును దింపడానికి మన దగ్గర ఏముంది?

వలస వచ్చినవాళ్ళకు వ్యాపారం నేర్పని ఒక పాఠం వలసే నేర్పుతుంది. దలీప్ సింగ్ సౌంద్ సంగతి చూడండి. 1920లో పంజాబ్ నుంచి కాలిఫోర్నియా వచ్చి బర్క్‌లీలో గణితంలో పీహెచ్‌డీ చేశాడు. ఆ చదువుకు తగిన ఉద్యోగం ఇచ్చేవాళ్ళు లేక ఇంపీరియల్ వ్యాలీలో వ్యవసాయంలోకి దిగాడు. భూమి సొంతంగా కొనడానికి లేదు, ఎందుకంటే భారతీయులకు పౌరసత్వం కుదరదని 1923లో సుప్రీంకోర్టు చెప్పింది, పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళకు భూమి ఇవ్వకూడదని కాలిఫోర్నియా చట్టం అప్పటికే ఉంది. 1946లో చట్టం మారితే 1949లో పౌరుడయ్యాడు. 1950లో ఊరి జడ్జిగా జనం ఎన్నుకుంటే, పౌరుడై ఏడాది కాలేదని కుర్చీ ఇవ్వలేదు. 1952లో మళ్ళీ నిలబడి మళ్ళీ గెలిచాడు. తర్వాత ఎరువుల వ్యాపారం పెట్టాడు. 1956లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి భారత సంతతివాడు ఆయనే. ముప్పై ఏళ్ళు కౌంటరు అవతల, "నువ్వు వద్దు" అనిపించుకున్న మనిషి. అలాంటివాడు కౌంటరు ఇవతలికి వస్తే వరుసలో నిలబడ్డవాడి మొహం ఆయనకు తెలుస్తుంది.

మనమూ అక్కడ నిలబడ్డవాళ్ళమే. సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో పేరులో ఏది ఇంటిపేరో చెప్పలేక తడబడ్డాం. లైసెన్సు ఆఫీసులో ఒక కాగితం తక్కువని మూడుసార్లు తిరిగాం. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి అంకెలు చూసుకున్నాం. కంపెనీ నడిచి, కాస్త డబ్బు వచ్చి, మన కాగితాలు చూసుకోవడానికి ఒక లాయరు, ఒక అకౌంటెంటు వచ్చాక అదంతా మర్చిపోతాం. ఇండియా వెళ్ళేది ఆ మర్చిపోయిన మనిషే.

వ్యాపారులు వద్దని కాదు నా మాట. "ఎప్పటికి అవుతుంది? ఎవరు చేస్తారు?" అని సిగ్గులేకుండా అడిగే అలవాటు మాకుంది, ప్రభుత్వ మీటింగుల్లో అది కరువు. మా ఆన్‌లైన్ బిల్లు మూడేళ్ళుగా ఫైల్లో ఉన్న పని, ఎనిమిది నెలల్లో అయింది. అయితే అన్నిటికీ వ్యాపారే కావాలా అంటే, 2001లో హైదరాబాద్‌లో ఈ-సేవ వచ్చింది. కరెంటు బిల్లు, నీళ్ళ బిల్లు, ఫోన్ బిల్లు ఒకే చోట, ఏ కౌంటర్‌లోనైనా. దాన్ని తలపెట్టింది ప్రభుత్వ అధికారులే. కంప్యూటరు ముట్టుకోవడం రాని మనిషి కూడా కంప్యూటరు వల్ల లాభపడేలా, మధ్యలో ఒక మనిషిని కూర్చోబెట్టారు. నేను టెక్సస్‌లో తీసేసింది సరిగ్గా ఆ మనిషినే.

తర్వాత కౌంటరును మళ్ళీ పొద్దున ఏడింటికే తెరిచాం. నేనే కౌన్సిల్ ముందు నిలబడి, నా ప్రతిపాదన తప్పని చెప్పి వెనక్కి తీసుకున్నాను. నా బల్లను కూడా కిందకి మార్పించుకున్నాను. లిఫ్టు బాగయిందిలెండి, కానీ నాకిక అక్కర్లేదు.

ఇదంతా ఫోన్‌లో వాడికి ఇంత పద్ధతిగా చెప్పలేదు. కొంత చెప్పాను, కొంత పోట్లాడుకున్నాం. చివరికి వాడు "అయితే వెళ్ళొద్దంటావా?" అన్నాడు.

"వెళ్ళు. ముందు ఒక పని చెయ్. మీ ఊరి మీసేవకి పోయి, మీ నాన్నగారి పేరు మీద ఏదైనా సర్టిఫికెట్ ఒకటి తీసుకురా. ఎవరికీ ఫోన్ చేయించకు, డ్రైవర్ని పంపకు, నువ్వే వరుసలో నిలబడు."

"సరే. ఇంకా?"

"జీతం తీసుకో. ఆ పోస్టుకి ఎంత ఉంటే అంత, పూర్తిగా."

అటునుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఒరేయ్, రూపాయి అని వాళ్ళు ప్రెస్‌నోట్‌లో కూడా రాసేశార్రా" అన్నాడు.